క్రియాపదం లేని వర్ణన

తార్నాకలో మా ల్యాబు ఏసీ చెడిపోయి పదకొండు రోజులు.
గ్లిజరిన్ బొట్టులో, లెన్సు కింద,
నువ్వుగింజలో సగం ఉన్న మగపురుగు
వెల్లకిలా పడుకుని ఉంది, రెండేళ్లుగా.

నల్లమలలో ఉడుముల వాగు పక్కన
మోకాళ్ల మీద కూర్చుని జల్లెడ పట్టిన ఆకుచెత్త,
మూడు గోనెసంచులు, అచ్చంపేట బస్సు టాపు మీద.
కండక్టరు అడిగాడు: ఎరువా?
కాదంటే లగేజీ టికెట్టు కొట్టాడు.

గరాటులో పోసి, పైన నలభై వాట్ల బల్బు.
పైపొర ఎండుతుంటే లోపలివన్నీ
తడి వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి,
చివరికి తడి అనుకుని ఆల్కహాల్ సీసాలోకి.
ఆ మోసం నేను కనిపెట్టింది కాదు.
స్విచ్ వేశాను, అంతే.

దీని చుట్టాలను ఈ ఊరు ఎరుగును.
వానాకాలం హాస్టల్లో ట్యూబులైటు కింద పడుకుని
మెడ మీద ఏదో నలిపేసి, బొబ్బలతో లేచిన పిల్లలు
యాసిడ్ పురుగని తిట్టేది దీని మేనత్త కూతుర్నే.
ఇది ఎవరి మెడ మీదా వాలలేదు.

పోయినేడు కుట్టించిన చొక్కాలా
రెక్కతొడుగు నడుం దాకా కూడా రాదు.
ఆ కాస్త తొడుగు కిందే
పొడుగాటి రెక్కల జత, మడత మీద మడత.
అగ్గిపెట్టెలో చీర పట్టించిన సిరిసిల్ల నేతగాళ్లు
ఈ మడత చూస్తే
కాసేపు మాట్లాడరు.

వర్ణనకు ఒక పద్ధతి ఉంది: క్రియాపదం ఉండకూడదు.
తల నలుపు. మెడ సన్నం.
కళ్లు పెద్దవి, కణతకు రెండింతలు.
ఆరో ఖండం అంచున పద్నాలుగు వెంట్రుకలు.
తోక తేలులా ఎత్తి బెదిరిస్తుందని రాయను,
చూడలేదు కనుక.
ఇంగ్లీషులో ఈ వాక్యాలు కుంటుతాయి.
తెలుగులో ఇంటి మాటలే.
పిల్ల చామనఛాయ. జుట్టు ఒత్తు. ముక్కు కొంచెం చప్పిడి.
మా చిన్నమ్మ సంబంధాలు చెప్పేది ఇలాగే.

మగది ఒకటి, ఆడవి రెండు.
ఆడవాటితో జాతి తేలదు.
మగదాని కడుపు చివర, కొడవలి కొసలో
ఎడమకు తిరిగిన ఒక ముల్లు.
ఇది మరోటి కాదని చెప్పే సాక్షి అదొక్కటే.
గీయడానికి నాలుగు రోజులు పట్టింది;
నా చెయ్యి వణకనిది పొద్దున ఆరుకీ ఎనిమిదికీ మధ్యనే.

పేరు దగ్గర ఖాళీ.
గైడు పేరు పెట్టెయ్, మార్చితో నీ ప్రాజెక్టు అయిపోతోంది
అన్నాడు పక్క టేబుల్ ఇంతియాజ్.
దారి చూపిన చెంచు పెద్దాయన ఈదన్నకు ఫోన్ చేశాను:
మీరు దీన్ని ఏమంటారు?
"ఆకు కింద ఉండేదాన్ని పిలిచే పనేముంటది తల్లీ.
పిలిస్తే వస్తదా?"
లాటిన్ నిఘంటువులో ఆ రాత్రి దొరికింది:
ఇన్వొకేటస్. పిలవనిది.

జీవన విధానం అన్న శీర్షిక కింద
ఒక్క మాటే రాశాను: తెలియదు.
పన్నెండు పేజీల్లో కొట్టివేత లేని చోటు అదే.

ఆరింటికి కిటికీలోంచి పొగ.
డిపార్ట్‌మెంటు వెనక పోశవ్వ ఆకులు పోగేసి అంటించింది.
తురాయి, రావి, అశోక, ఏదో తీగ.
రోజూ వచ్చే పొగే. రోజూ కిటికీ మూసేదాన్ని.
ఇవాళ మెట్లు దిగాను.

"ఇంకా అంటించనిది ఉందా?"
"గా మూలకు గింతుంది. ఏం జేస్తవ్ మేడం, గీ చెత్తతోని?"
"చూస్తా."
గోనె నన్ను పట్టమని
రెండు చేతులా ఎత్తి పోసింది.
దగ్గు ఆపుకుంటూ ఒకసారి తనూ తొంగి చూసింది.

గరాటు కింద కొత్త సీసా పెట్టాను.
ఆల్కహాల్ పోయలేదు, తడి దూది ఉంచాను.
స్విచ్ వేస్తే కరెంటు లేదు.
సంచి మూతి విప్పి, చెవి దగ్గరగా పెట్టి కూర్చున్నాను.
లోపల ఏదో సన్నని చప్పుడు,
ఆకులు సర్దుకోవడమే కావచ్చు.